పైవరస కాయలు

ఆ ఏడు అర్చన పెరట్లో టమాటా విరగ్గాసింది.

ఆమదాలవలస స్టేషను రోడ్డులో ఆమె భర్త ప్రమోద్‌కి కిరాణా కొట్టు ఉంది. కొట్టు వెనకే ఇల్లు, ఇంటి వెనక ప్రహరీ దాకా కాస్త జాగా. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆ జాగాలో ఖాళీ నూనె డబ్బాలూ చిరిగిన గోనెలూ తప్ప మరేమీ చూడలేదామె. పగలంతా కొట్లో గల్లా దగ్గరే కూర్చునేది. వచ్చేపోయే వాళ్ళతో మాటల్లోనే పొద్దు గడిచిపోయేది. నిరుడు ప్రమోద్ కొట్టుకి కంప్యూటరు బిల్లులు పెట్టించి, దాన్ని నడపడానికో గుమాస్తాని వేసుకున్నాడు. ఇంక నువ్వు హాయిగా ఇంటి పట్టున ఉండమన్నాడు భార్యని. అతను మంచికే అన్నాడు. అర్చనకి మాత్రం కాళ్ళూ చేతులూ కట్టేసినట్టయింది. ఇంట్లో ఉన్నది తనూ, అత్తగారు మహాలక్ష్మమ్మా. ఏమీ తోచక ఓ రోజు కొంగు బిగించి ఆ డబ్బాలూ గోనెలూ పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. పెరడు తవ్వించి, సంతలో టమాటా నారు కొని తెచ్చి నాటింది.

మొక్కలు బతికాయి గానీ ఏపుగా లేవలేదు. చేప తలకాయలూ పొట్టలూ బెల్లంతో కలిపి మాగబెట్టి, ఆ నీళ్ళు పోస్తే మొక్క బలపడుతుందని ఫోను వీడియోలో ఎవరో చెబితే విని, ఆ సంగతి గున్నమ్మ చెవిన వేసింది.

గున్నమ్మది శ్రీకూర్మం అవతల సముద్రపు ఒడ్డున పల్లె. చేపల గంప ఆటోలో వేసుకుని వచ్చి రైల్వే క్వార్టర్ల వైపు తిరిగి అమ్ముకుంటుంది. అర్చన వాళ్ళింట్లో నీచు ముట్టరు. అయినా అమ్మకానికి బయల్దేరే ముందు గున్నమ్మ వాళ్ళ దొడ్డిగుమ్మం దగ్గర ఆగేది. గంప కాలవ అవతల పెట్టి, మెట్టు మీద కూలబడి, చెంబుడు నీళ్ళు తాగి, కాసేపు కబుర్లాడి గానీ కదిలేది కాదు. ఎన్నేళ్ళ నుంచి అలా జరుగుతోందో ఇద్దరికీ గుర్తు లేదు. ఇద్దరిదీ ఒకే ఈడు. గున్నమ్మ మొగుడు పోతురాజు గుజరాతు బోట్ల మీద పనికి పోయి ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే ఉంటాడు. అతని దగ్గర నుంచి ఫోను రాని రోజుల్లో గున్నమ్మ ఏడ్చింది ఆ మెట్టు మీదే. అర్చన తన పుట్టింటి గొడవలు చెప్పుకున్నదీ ఆమెకే. ఆ ఊళ్ళో ఇంట్లో వాళ్ళు కాకుండా అర్చనని నువ్వు అని పిలిచే మనిషి గున్నమ్మ ఒక్కతే.

చేప నీళ్ళ మాట వినగానే గున్నమ్మ పకపకా నవ్వింది. "కోమటోరింట్లో సేపలేటి అర్సనమ్మా, మీ అత్త నిన్నూ నన్నూ కలిపి తోసెయ్యదా?" అంది. అన్నదే గానీ ఇంటి దగ్గర ఓ డ్రమ్ములో మాగబెట్టి, వడగట్టి, మూత బిగించిన క్యానులో పట్టుకొచ్చింది. మహాలక్ష్మమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని రెండు రోజులు పెరటి మొహం చూడలేదు. క్యాను వంటింటి గడప దాటి రాకూడదని ఒక్క షరతు పెట్టి ఊరుకుంది. ఆ తరవాత క్యాను ఖాళీ అయినప్పుడల్లా గున్నమ్మే నింపి తెచ్చేది. అర్చన నీళ్ళు కలుపుతుంటే మగ్గుతో మొక్క మొక్కకీ పోసేది.

మాఘమాసం వచ్చేసరికి మొక్కలు నడుం ఎత్తు లేచాయి. కాయ బరువుకి, ఊతంగా పాతిన కర్రలే ఒరిగిపోయాయి. పొద్దున్న కోస్తే సాయంత్రానికి మళ్ళీ ఎర్రబడేవి. పప్పులో టమాటా, చారులో టమాటా, ఇడ్లీలోకి టమాటా పచ్చడి. జాడీలకి జాడీలు నిలవ పచ్చడి పెట్టింది. చక్రాల్లా కోసి, ఉప్పు జల్లి, మేడ మీద ఎండబెట్టి ఒరుగులు చేసింది. అప్పటికీ తరగలేదు. టమాటా లేని కూర ఏదైనా ఉంటే పెట్టమని ప్రమోద్ కంచం ముందు చేతులు జోడించాడు.

దాంతో పంచడం మొదలుపెట్టింది. మొదట పక్కింటికి, ఎదురింటికి. తరవాత వీధంతా. గల్లా దగ్గర కూర్చున్న రోజుల్లో ఆమె ఎవరికీ ఏదీ ఊరికే ఇచ్చి ఎరగదు. ఇచ్చే చేతిని చూసి మనుషుల మొహాలు ఎలా విప్పారతాయో ఆమెకి మొదటిసారి తెలిసింది. గుడికి వెళ్తే ఆడవాళ్ళు ఆగి పలకరిస్తున్నారు. కిరాణా ప్రమోద్ గారి భార్య కాస్తా టమాటాల అర్చనగారయింది. ఆ పిలుపు ఆమెకి ఎంత తీపిగా తోచిందంటే, ఎవరికి ఏ కాయ వెళ్ళాలన్న ఆలోచన మెల్లగా మనసులోకి వచ్చి కూర్చుంది. పెద్దవి, నున్నగా మచ్చ లేనివి డాక్టరు గారింటికీ బ్యాంకు మేనేజరు గారింటికీ. మధ్యరకం వీధిలో వాళ్ళకి. చీలినవీ, పక్షి ముక్కు పడినవీ ఇంట్లో పచ్చడికీ, గున్నమ్మకీ.

గున్నమ్మ ఏనాడూ వంక పెట్టలేదు. పులుసులో వేసేదానికి అందం ఎందుకని నవ్వుతూ గంపలో వేసుకునేది. అందుకే అర్చనకి అందులో తప్పేదీ కనపడలేదు.

ఓ రోజు గున్నమ్మ మెట్టు మీద కూర్చుని నీళ్ళు తాగాక కూడా లేవకుండా కొంగు కొస మెలిపెడుతూ ఉండిపోయింది. కూతురు అనితకి సంబంధం కుదిరిందట. పిల్లవాడిది భోగాపురం దగ్గర ఊరు, వలలు వదిలేసి వ్యాను నడుపుకుంటున్నాడు. వచ్చే ఆదివారం వాళ్ళ వాళ్ళంతా మాట ఖాయం చేసుకోడానికి వస్తున్నారు. పోతురాజు కూడా గుజరాతు నుంచి వచ్చేశాడు.

"అర్సనమ్మా, ఒక మాట అడుగుతాను, కాదనకు," అంది. "ఒక బుట్టడు టమాటాలు కావాల. కూరకి కాదు. ఎల్లేటప్పుడు ఆళ్ళ ఆడోళ్ళకి తలో సంచీలో ఎట్టి పంపుతాను. సూడ్డానికి బాగున్నయి కావాల. మా అర్సనమ్మ తోటలో కాసినాయని సెప్పుకుంటాను."

అన్నేళ్ళలో గున్నమ్మ నోరు తెరిచి అడిగింది అదే. అర్చన మనసు నిండిపోయింది. "నీకు కాకపోతే ఇంకెవరికే? నా చేత్తో ఏరి పెడతాను. ఆదివారం పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళు," అంది.

మాట ప్రకారమే శనివారం తెల్లారేసరికి తోటలో దిగింది. తొడిమ ఊడకుండా ఒక్కొక్కటీ కత్తెరతో కోసి, మెత్తటి గుడ్డతో తుడిచి, కొత్త వెదురు బుట్టలో అరిటాకు పరిచి పేర్చింది. హాల్లో ఫ్యాను కింద పెట్టి, దూరం నుంచి ఓసారి చూసి మురిసిపోయింది.

పదకొండు గంటల వేళ బ్యాంకు మేనేజరు గారి భార్య రాధిక వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళ సంఘానికి ఆమె అధ్యక్షురాలు. వెంట శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇద్దరు ఉన్నారు. తోట చూడాలని వాళ్ళు ముచ్చట పడితే తీసుకొచ్చిందట. అర్చన వాళ్ళని పెరడంతా తిప్పింది, కాఫీ ఇచ్చింది. మాటల మధ్యలో రాధిక చూపు ఫ్యాను కిందికి పోయింది.

"అయ్యో, ఇవి మాకేనా అర్చనగారూ? ఎంత అందంగా సర్దారండి."

వచ్చిన ఇద్దరూ బుట్ట దగ్గరికి వంగి చూస్తున్నారు. కావు, అవి వేరే వాళ్ళవి అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ వేరే వాళ్ళు ఎవరని అడుగుతారేమో, చేపలమ్మే ఆమెకని చెప్పాల్సి వస్తుందేమో అన్న బెరుకు ఒకటి అర్చన నాలుకని పట్టుకుంది. "మీకేనండి," అనేసింది.

రాధిక సంబరంగా బుట్ట చేతికెత్తుకుని, అర్చనని పక్కన నిలబెట్టుకుని ఫొటో తీయించింది. వచ్చే నెల సంఘం సభలో పెరటి తోటల గురించి మాట్లాడాలని కూడా అడిగింది. వాళ్ళు వెళ్ళాక ఆ ఫొటోని అర్చన తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంది. మా పెరటి పంట, ఆత్మీయుల చేతికి అని కింద రాసింది.

"అవి గున్నమ్మకన్నావు కదే," అంది మహాలక్ష్మమ్మ.

చెట్ల నిండా ఇంకా ఉన్నాయనీ, ఎండ తగ్గాక కోస్తాననీ అర్చన సమాధానం చెప్పింది. నిజంగానే ఉన్నాయి. కానీ ఎండ తగ్గేసరికి పడమటి వైపు నల్లగా కమ్ముకొచ్చింది. కాలం కాని కాలంలో ఉరుములతో మొదలైన వాన రాత్రంతా కురుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్న పెరట్లోకి వెళ్ళి చూస్తే ఆమెకి ఏడుపొచ్చినంత పనయింది. ఒక్క వానకి పండిన కాయలన్నీ తొడిమ దగ్గర నుంచి కిందికి చీలిపోయాయి. కొన్ని బురదలో పడి ఉన్నాయి. ఆకుల చాటున బాగున్నవి వెతికితే రెండు మూడు దోసిళ్ళే దొరికాయి.

ఆ పూట ఆమె చేసిన పని ఆ తరవాత ఎన్నిసార్లు తల్చుకుందో. చీలిన కాయల్ని కడిగింది. నీరు కారకుండా తుడిచింది. చీలిక కిందికి వచ్చేట్టు తిప్పి, ఇంకో బుట్ట నిండా సర్దింది. బాగున్నవాటిని పైన ఒక వరస పేర్చింది. పైనుంచి చూస్తే అచ్చం నిన్నటి బుట్టలాగే ఉంది.

వంటింటి గుమ్మంలో నిలబడి మహాలక్ష్మమ్మ అంతా చూసింది. చేపల క్యానుకి ముక్కు మూసుకున్న మనిషే, "అడుగునేటి ఉన్నాదో దానికి చెప్పి ఇవ్వు," అంది. చెబుతానంది అర్చన. చెప్పాలనే అనుకుంది కూడా.

గున్నమ్మ ఆ రోజు గంపతో రాలేదు. ఆకుపచ్చ రంగు కొత్త చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని, బయట ఆటో ఆపి పరుగులాంటి నడకతో వచ్చింది. బుట్ట చూసి అలా నిలబడిపోయింది. "ఎంత బాగున్నాయి మాయమ్మే," అని అర్చన గడ్డం పట్టుకుంది. అన్నేళ్ళుగా ఎదురుబదురుగా కూర్చున్నా ఎప్పుడూ ముట్టుకోనిది, ఆ రోజు ముట్టుకుంది. ఆటోవాడు హారను కొడుతున్నాడు. అర్చన నోరు విప్పబోయి, ఆ మొహం చూసి మూసేసుకుంది. వానలో వచ్చావా అని ఏదో అడిగింది. గున్నమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ తరవాత గున్నమ్మ రాలేదు. పెళ్ళి పనుల్లో ఉండి ఉంటుందని కొన్నాళ్ళు సర్దిచెప్పుకుంది అర్చన. ఓ పొద్దున్న మేడ మీద ఒరుగులు తిరగేస్తూ వీధిలోకి చూస్తే, రోడ్డుకి అవతల మూసేసిన సైకిలు షాపు అరుగు మీద గున్నమ్మ కూర్చుని సీసాలో నీళ్ళు తాగుతోంది. అర్చన గబగబా దిగి వెళ్ళేసరికి అరుగు ఖాళీ.

ఇంక ఆగలేక అనితకి ఫోను చేసింది. ఆ పిల్ల మొదట ఏమీ లేదంది. బతిమాలగా బతిమాలగా చెప్పింది.

ఆ రోజు వంటల హడావుడిలో ఎవరూ బుట్ట తిరగేసి చూడలేదట. వాళ్ళు బయల్దేరే వేళకి పైన కొన్ని, అడుగున కొన్ని తలో సంచీలోకీ దొర్లించి ఇచ్చేశారు. మూసిన వ్యానులో ఆ ఉక్కకి చీలిన కాయలు చితికి, పెళ్ళికొడుకు మేనత్త పట్టుచీర తడిసిపోయింది. ఇంటికి చేరగానే ఆమె ఫోను చేసి, కుళ్ళిన కాయలు కట్టబెట్టడానికా మమ్మల్ని పిలిచారని అడిగింది. సంబంధం ఏమీ చెడలేదు. కానీ అమ్మ పదిమందిలో నిలబడి తప్పయిపోయిందని ఫోనులో దండాలు పెడుతూనే ఉందని చెప్పింది అనిత.

ఆ తరవాత అనిత ఇంకో మాట అంది. "ముందు రోజు మీ స్టేటస్ సూసినాను ఆంటీ. అమ్మకీ సూపించినాను. మనకి ఒప్పుకున్నయి ఆళ్ళకి ఇచ్చీసినట్టున్నారే అన్నాను. అమ్మ నవ్వేసినాది. అవి మనయి కావే, మనయి ఏరే ఏరి ఉంచుతాదిలే అన్నాది."

వాన దెబ్బ నుంచి తేరుకుని మొక్కలు మళ్ళీ కాపు పట్టాయి. మొదటి కోతలో చెట్టు మీద ఉన్న మేలిరకం కాయలన్నీ, ఒక్కటి కూడా ఇంటికి ఉంచుకోకుండా, సంచీలో వేసుకుని అర్చన ఆటో ఎక్కింది. శ్రీకూర్మం దాటాక సరుగుడు తోటలు, ఆ తరవాత ఇసక. గున్నమ్మ ఊరికి ఆమె రావడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా రావాలని ఎందుకు తోచలేదో ఆ దారిలోనే అనుకుంది.

గున్నమ్మ ఇంటి ముందు వల మీద చేపలు ఎండబెడుతోంది. అర్చనని చూసి కంగారుగా లేచి, చేతులు కడుక్కుని, లోపల నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచి వేసింది. "రండి, కూకోండి," అంది. పక్కింటి పిల్లని పిలిచి కూల్ డ్రింకు తెమ్మని పంపింది.

రండి అన్న ఆ మాట విని అర్చన కుర్చీ అంచున కూర్చుంది. కూల్ డ్రింకు వద్దు, మంచినీళ్ళు ఇవ్వమంది. గున్నమ్మ గ్లాసు మళ్ళీ తోమి, నీళ్ళు పోసి ఇచ్చింది. తాను నేల మీద కూర్చోలేదు, గుమ్మం పక్కన నిలబడే ఉంది.

అర్చన దాచుకోకుండా చెప్పింది. గున్నమ్మ కోసం కోసిన కాయలు రాధికకి ఇచ్చేశానని, వానకి మిగతావి చీలిపోయాయని, తెలిసి తెలిసి పైన మంచివి సర్దానని. చెబుతూ ఉండగానే కళ్ళు తడిశాయి. సంచీ ముందుకి జరిపి, "ఇవి నీకే గున్నమ్మా. అన్నీ ఏరి తెచ్చాను. ఆ మేనత్తగారికి నేనే ఫోను చేసి, తప్పు నాదని చెబుతాను," అంది.

"వద్దండి. ఆ సంగతి ఆరిపోనాది. మళ్ళీ రేపడం ఎందుకు?" అంది గున్నమ్మ. కాసేపు ఎండుతున్న చేపల మీద వాలిన కాకిని తోలింది. తరవాత ఆమె గొంతు తగ్గింది. "పగిలినయి ఇచ్చినందుక్కాదండి. ఎన్నేళ్ళు తినలేదు పగిలినయి. వాన కొట్టీసినాదే గున్నమ్మా, మంచియి లేవు అని ఒక్క ముక్క అనుంటే, దార్లో సంతలో కొనుక్కుని ఎల్లిపోదును. నవ్వుకుని ఎల్లిపోదును. పైన సర్దినారు సూడండి..."

అక్కడ ఆగిపోయింది. ఆ మాట పూర్తి చెయ్యమని అర్చన అడగలేదు.

గున్నమ్మ సంచీ కాదనలేదు. తీసుకుని లోపల పెట్టింది. పెళ్ళి వైశాఖంలో అనీ, తప్పకుండా రావాలనీ మర్యాదగా చెప్పింది. అర్చన లేచేసరికి ఇంటి వెనక్కి వెళ్ళి రెండు కొబ్బరికాయలూ, ఓ కట్ట మునక్కాడలూ తెచ్చి అదే సంచీలో వేసి చేతికిచ్చింది. ఇంతకు ముందు క్యాను నిండా ఎరువు తెచ్చినా, అర్చన ఇచ్చిన కాయలు పట్టుకెళ్ళినా ఇద్దరి మధ్యా ఇచ్చిపుచ్చుకున్నట్టు ఉండేది కాదు. ఉత్త చేతుల్తో పంపకూడదన్నట్టు గున్నమ్మ ఆ కాడలు విరగకుండా సర్దుతుంటే, అర్చన చూస్తూ నిలబడింది. ఆటో మలుపు తిరిగేదాకా గున్నమ్మ గుమ్మంలోనే ఉంది. చుట్టాల్ని సాగనంపేటప్పుడు అందరూ అలాగే ఉంటారు.

సంఘం సభకి అర్చన వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపింది. మిగిలిన కాపు ఏరకుండా, చీలినవీ మంచివీ కలిపే వీధిలో పంచింది. ఎండలు ముదిరాక మొక్కలు ఎండిపోతే పీకించేసింది.

వైశాఖంలో పోతురాజు స్వయంగా కొట్టుకి వచ్చి శుభలేఖ ఇచ్చి వెళ్ళాడు. ప్రమోద్, అర్చన కారు మాట్లాడుకుని పెళ్ళికి వెళ్ళారు. గున్నమ్మ పందిట్లో నుంచి ఎదురొచ్చి తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టింది. వాళ్ళకోసం విడిగా శాకాహారం వండించింది. శ్రీకాకుళం నుంచి వంటవాణ్ణి పిలిపించి, కొత్త గిన్నెలు కొని, ఇంటికి దూరంగా వేరే షెడ్డులో వండించామని పోతురాజు చెప్పాడు. ఆకు వేసిన దగ్గర నుంచి గున్నమ్మ పక్కనే నిలబడి, అది వడ్డించండి, ఇది వడ్డించండి అని పురమాయిస్తూనే ఉంది. అనిత వంగి కాళ్ళకి దండం పెట్టినప్పుడు అర్చన ఆ పిల్లని దగ్గరికి తీసుకుంది. అనిత ఒక్క క్షణం గట్టిగా పట్టుకుని వదిలింది. తిరిగి బయల్దేరేటప్పుడు గున్నమ్మ కారు దాకా వచ్చి బొట్టు పెట్టి, రవికెల గుడ్డ చేతిలో పెట్టింది.

"శ్రమనుకోకుండా వచ్చినారు, సంతోషమండి," అంది.

అర్చన ఆమె చెయ్యి పట్టుకోవాలనుకుంది. అప్పటికే వెనక నుంచి ఎవరో పిలిస్తే గున్నమ్మ అటు తిరిగింది.

కారు సరుగుడు తోటల మధ్య నుంచి పోతోంది. ప్రమోద్ వెనక్కి వాలి కూర్చుని, ఎంత మర్యాద చేశారో చూశావా, మన చుట్టాలు కూడా ఇంత చెయ్యరు అన్నాడు.

"అవును," అంది అర్చన, కిటికీ లోంచి బయటికి చూస్తూ.